శాతమునకు హారమే ప్రాణము

2024వ సంవత్సరము ఏప్రిల్ 18, 19 తేదీలలో కర్ణాటక రాష్ట్రమంతటను జరిగిన సి.ఇ.టి. అను వృత్తివిద్యా ప్రవేశపరీక్షలో భౌతిక, రసాయన, గణిత, జీవశాస్త్రములకు ఒక్కొక్కదానికి 60 చొప్పున మొత్తము 240 ప్రశ్న లీయబడగా, వానిలో పెక్కు పాఠ్యప్రణాళికనుండి తొలగింపబడిన భాగములలోనివని విద్యార్థులును, అధ్యాపకులును, తల్లిదండ్రులును మొఱపెట్టుకొనిరి. నిపుణులు పరిశీలించిన మీదట, బెంగళూరు మల్లేశ్వరములో కార్యాలయము గల కర్ణాటక పరీక్షా ప్రాధికార సంస్థ 50 ప్రశ్నలను లెక్కలోనికి తీసికొనక, మిగిలినవానిని మాత్రమే దిద్ది ఫలితములను వెలువరించెను. పరీక్ష ముగిసిన సాయంకాలమే ప్రశ్నపత్రమును, కోచింగు కేంద్రమువారి కీని ప్రక్కప్రక్కన పెట్టుకొని టిక్కులు కొట్టి, నూటికి ఇంత వచ్చునని తేల్చుకొని నిశ్చింతగా నున్న యిండ్లలో మరల కాగితమును కలమును బయటికి వచ్చినవి. పిల్లలు వ్రాసిన జవాబులలో ఒక్కటియు మారలేదు. మారినది హారము.

శాతము అను సంఖ్యను మనము ఎంత విరివిగా వాడుదుమో, అది దేనిలోనుండి పుట్టినదని అంత అరుదుగా అడుగుదుము. మారతహళ్ళిలోనైనను, కృష్ణరాజపురములోనైనను, ఏ తెలుగువారి యింటిలోనైనను వేసవి వచ్చిన తోడనే బంధువులు మొదట వేయు ప్రశ్న "నూటికెంత?" అన్నదే. ఆ ప్రశ్నకు వచ్చు సమాధానము విని సంతోషించుటకో, చింతించుటకో ముందు, ఆ అంకెకు క్రింద ఏ మొత్తమున్నది, తప్పు జవాబునకు ఏ శిక్ష విధింపబడినది, ఏ ప్రశ్నలైన లెక్కనుండి జారిపోయినవా అను మూడు సంగతులు తెలియనిచో, ఆ సంతోషమునకుగాని చింతకుగాని ఆధారము లేదు.

మూలసూత్రము మిక్కిలి సులభమైనది, మిక్కిలి ప్రాచీనమైనది. మన పూర్వులు దీనిని త్రైరాశిక మనిరి. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, అనగా 9వ శతాబ్దమున, మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమున ఈ విధానము సవిస్తరముగా నున్నది. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెనిగించి, గణితశాస్త్రమును తెలుగు పద్యములలోనికి దెచ్చెను. ప్రమాణము, ఫలము, ఇచ్ఛ అను మూడు రాశులలో ఫలమును ఇచ్ఛచే గుణించి ప్రమాణముచే భాగించినచో కోరిన ఫలము లభించును. 60 ప్రశ్నలలో 45 సరియైనచో, ప్రమాణము 60, ఫలము 45, ఇచ్ఛ 100. నలుబదియైదును నూటిచే గుణించి అఱువదిచే భాగింపగా 75. సరియైన జవాబులను మొత్తము ప్రశ్నలచే భాగించి నూటిచే గుణింపుడని నేటి బడిలో చెప్పునదియు ఇదియే.

ఇంత సులభమైన లెక్కలోనే మొదటి పొరపాటునకు తావున్నది. ఏ జవాబుపత్రమునందైనను సరియైనవి, తప్పులు, వదలివేసినవి అని మూడు రాసులుండును; ఆ మూడును కలిపిననే మొత్తము. ఒక విద్యార్థి 60 ప్రశ్నలలో 50 మాత్రమే వ్రాసి, అందు 40 సరిగా వ్రాసె ననుకొందము. తాను వ్రాసినవానిలో నూటికి 80 సరియైనవని అతడు చెప్పుకొనవచ్చును; అది అబద్ధము కాదు. కాని పరీక్షాఫలితము 60లో 40, అనగా 66.67 శాతమే. మొదటి సంఖ్య అతని జవాబులలోని నిర్దుష్టతను తెలుపును. రెండవది అతనికి దక్కు మార్కును తెలుపును. కోచింగు కేంద్రములవారు వారాంతపు పరీక్షల తరువాత పంపు నివేదికలలో ఈ రెండు సంఖ్యలును కనబడుచుండగా, ఇంటివారు పెద్దదానిని చూచి మురిసిపోవుటయు, అసలు పరీక్ష ఫలితము చిన్నదానిని పోలి వచ్చినప్పుడు నివ్వెఱపోవుటయు తఱచుగా జరుగుచుండును.

రెండవ పొరపాటు శాతములకు సగటు తీయుటలో నున్నది. కర్ణాటకమున ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష మొత్తము మార్కులు 625. ప్రథమభాషకు 125, తక్కిన అయిదు విషయములకు నూఱేసి చొప్పున 500. ప్రథమభాషగా తెలుగును గైకొనుటకు వీలున్న రాష్ట్రమది. అట్లు తెలుగు తీసికొన్న బాలిక యొకతె ప్రథమభాషలో 125కు 120, మిగిలినవానిలో వరుసగా 70, 75, 80, 85, 90 తెచ్చుకొన్నదనుకొందము. మొత్తము 520, దానిని 625చే భాగింపగా 83.2 శాతము. కాని ఆమె తండ్రి ప్రథమభాషలోని మార్కును 96 శాతముగా మార్చి, ఆ ఆఱు శాతములను గూడి ఆఱుచే భాగించినచో 82.67 మాత్రమే వచ్చును. హారములు సమానముగా లేనిచోట శాతముల సగటు నిజమైన శాతము కాదు. భేదము అరశాతమైనను, 60 శాతము లేనివారు దరఖాస్తు చేయనక్కఱలేదని ప్రకటించు ఉద్యోగములు గల బెంగళూరు నగరమున, 59.7కును 60.2కును నడుమ నుండునది అరశాతమే కదా!

ఇక సి.ఇ.టి. సంగతికి వత్తము. 1994 నుండి వృత్తివిద్యా కళాశాలలలో ప్రవేశములకై నడుపబడుచున్న యీ పరీక్షలో తప్పు జవాబునకు కోత లేదు. ఒక్కొక్క సరియైన జవాబునకు ఒక్క మార్కు. ఇంజనీరింగునకు వెళ్ళువారికి భౌతిక, రసాయన, గణితములు కలిసి 180 మార్కులు. కాని ర్యాంకు ఈ 180పైననే నిర్ణయింపబడదు. ఇంటర్మీడియట్ వంటిదైన రెండవ సంవత్సరపు పి.యు.సి. పరీక్షలో అవే మూడు విషయములలో 300కు వచ్చిన మార్కులను శాతముగా మార్చి అందు సగమును, సి.ఇ.టి.లో వచ్చిన శాతములో సగమును కలిపి ర్యాంకు లిత్తురు. కోవిడు కారణమున పి.యు.సి. పరీక్షలు జరుగని 2021లో మాత్రము సి.ఇ.టి. మార్కులే ర్యాంకునకు ఆధారమైనవి.

సగము సగము అన్నమాట వినుటకు సమానముగా తోచును గాని, లెక్కలోనికి దిగినచో ఒక వింత కనబడును. పి.యు.సి.లో ఒక్క మార్కు మూడువందలలో ఒకటి. తుది లెక్కకు అది చేర్చునది 0.167. సి.ఇ.టి.లో ఒక్క మార్కు నూట యెనుబదిలో ఒకటి. అది చేర్చునది 0.278. అనగా సి.ఇ.టి.లోని మూడు మార్కులు పి.యు.సి.లోని అయిదు మార్కులతో సమానము. పి.యు.సి.లో 285, సి.ఇ.టి.లో 90 తెచ్చుకొన్న విద్యార్థికి మొత్తము 375 మార్కులు; పి.యు.సి.లో 240, సి.ఇ.టి.లో 126 తెచ్చుకొన్నవానికి 366 మాత్రమే. అయినను మొదటివాని శాతములు 95, 50 గనుక సగటు 72.5, రెండవవాని శాతములు 80, 70 గనుక సగటు 75. తొమ్మిది మార్కులు తక్కువగా వచ్చినవాడే ర్యాంకులో ముందుండును. ఇందులో అన్యాయ మేమియు లేదు. రెండు వేఱు హారములపై నిలిచిన మార్కులను నేరుగా కూడరాదనుటకు ఇది నిదర్శనము.

తప్పు జవాబులకు శిక్ష విధించు పరీక్షలలో లెక్క మఱింత సూక్ష్మమగును. నాలుగు వికల్పములలో ఒకదానిని గుర్తించు ప్రశ్నల పద్ధతిని 1915 ప్రాంతమున అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున ఫ్రెడరిక్ కెల్లీ ప్రవేశపెట్టినప్పటినుండి, ఏమియు తెలియనివాడు గ్రుడ్డిగా గీత గీసినను నాలుగింట ఒకటి సరియగును గదా, దానికేమి ప్రతివిధానమని విద్యావేత్తలు ఆలోచింపసాగిరి. వారు కనుగొన్న ఉపాయ మిది: వికల్పములు నాలుగైనచో, తప్పుల సంఖ్యను మూడుచే భాగించి, వచ్చినదానిని సరియైన జవాబుల సంఖ్యనుండి తీసివేయవలెను. పండ్రెండు ప్రశ్నలకు కన్నులు మూసికొని జవాబు గుర్తించినవానికి సగటున మూడు సరియగును, తొమ్మిది తప్పగును. తొమ్మిదిలో మూడవ వంతు మూడు. మూడులో మూడు పోగా సున్న. గ్రుడ్డియూహకు లాభమును లేదు, నష్టమును లేదు.

యు.పి.ఎస్.సి. ప్రిలిమ్స్ నేడు ఖచ్చితముగా ఈ మూడవ వంతు కోతనే పాటించుచున్నది. వైద్యవిద్యకై జరుగు నీట్‌లోను, జె.ఇ.ఇ. మెయిన్‌లోని వికల్పప్రశ్నలలోను సరియైనదానికి 4 మార్కులు, తప్పునకు ఒక్క మార్కు కోత. అనగా నాలుగవ వంతు మాత్రమే. అక్కడ పండ్రెండు గ్రుడ్డియూహలకు సగటున 12 మార్కులు వచ్చి 9 పోవును; మూడు మార్కులు మిగులును. ఇది సగటు మాత్రమేనని, ఒక్కొక్కని విషయమున అదృష్టము అటునిటు ఊగునని మఱువరాదు. అయినను ఒక వికల్పమునైనను తప్పని నిశ్చయముగా కొట్టివేయగలవానికి అచ్చట జవాబు గుర్తించుటయే మేలని గణితము చెప్పుచున్నది. కోతయే లేని సి.ఇ.టి.లోనైతే ఒక్క ప్రశ్ననైనను ఖాళీగా వదలుట చేజేతుల మార్కులు పోగొట్టుకొనుటయే యగును.

ఒకే జవాబుపత్రము వేర్వేఱు నియమముల క్రింద ఎన్ని శాతములు ధరించునో చూడుడు. 180 ప్రశ్నలలో 120 సరి, 40 తప్పు, 20 ఖాళీ అనుకొందము. కోత లేని పద్ధతిలో 180కి 120; 66.67 శాతము. నీట్ పద్ధతిలో 480 నుండి 40 పోగా 720కి 440, 61.11 శాతము. మూడవ వంతు కోత పద్ధతిలో 120 నుండి 13.33 పోగా 106.67, 59.26 శాతము. విద్యార్థి ఒక్కడే, అతని జ్ఞానము ఒక్కటే. అంకెలు మాత్రము మూడు. కనుక సి.ఇ.టి.లో 66 శాతము తెచ్చుకొన్న అక్కను చూపి, నీట్‌లో 61 శాతము తెచ్చుకొన్న తమ్ముని గద్దించు తల్లిదండ్రులు తాము పోల్చుచున్నది పిల్లలను కాదని, పరీక్షానియమములనని గ్రహింపవలెను.

ఈ లెక్క తెలిసినవారే 2024లో దేశమంతటిని కదిలించిన ఒక రహస్యమును బయటపెట్టిరి. ఆ సంవత్సరము నీట్ ఫలితములలో 718, 719 మార్కులు కనబడినవి. 180 ప్రశ్నలును సరియైనచో 720. ఒకటి వదలినచో 716. ఒకటి తప్పినచో నాలుగు రాకపోవుటయే కాక ఒకటి పోవును గనుక 715. 720కును 716కును నడుమ ఏ సంఖ్యయు ఈ నియమములలో పుట్టనే పుట్టదు. పరీక్షాసమయము కొంత కోల్పోయిన 1,563 మందికి పరిహారముగా మార్కులు కలుపబడినవని అటుపిమ్మట తేలినది. ఆ మార్కులు రద్దుచేయబడి, వారికి జూన్ 23న మరల పరీక్ష వ్రాయు అవకాశ మీయబడినది. ఎక్కముల పరిజ్ఞానము గల ఏ బడిపిల్లవాడైనను కనిపెట్టగలిగిన అసాధ్యమది.

ఇట్టి వికల్పప్రశ్నల జవాబులను నేడు దిద్దునది మనిషి కాదు. 1938లో ఐ.బి.ఎం. కంపెనీ వెలువరించిన 805 అను యంత్రము, అంతకుముందు బడిపంతులుగా పనిచేసిన రెనాల్డ్ జాన్సన్ ఆలోచనపై ఆధారపడినది. పెన్సిలు గీతలోని గ్రాఫైటు విద్యుత్తును ప్రవహింపజేయుటను బట్టి అది జవాబును గుర్తించెడిది. నేటి ఓ.ఎం.ఆర్. పత్రములోని వృత్తములను వెలుతురు సాయమున చదువుదురు. యంత్రము కూడుటలో పొరబడదు. కాని ఏ ప్రశ్నను లెక్కలోనికి తీసికొనవలెనో, దేనిని విడువవలెనో నిర్ణయించునది మనుష్యులే. ఆ నిర్ణయములోనే అసలు చిక్కు గలదు.

పనికిరాని ప్రశ్నల విషయమున రెండు మార్గములు గలవు. మొదటిది, వానిని తీసివేసి హారమును తగ్గించుట. రెండవది, హారమును కదపక, ఆ ప్రశ్నల మార్కులను అందఱికిని పంచిపెట్టుట. 2024 సి.ఇ.టి.లో ఆ 50 ప్రశ్నల విషయమున మొదటి మార్గము అవలంబింపబడినది. ఈ రెండును ఒక్కటే కదా యని తోచవచ్చును, కావు. సౌలభ్యమునకై 60 ప్రశ్నల పత్రమొకటి తీసికొని, అందు 15 తొలగిపోయినవనుకొందము. మొదటి విద్యార్థి 40 సరిగా వ్రాసెను. అందు 13 తొలగినవానిలోనివి. రెండవవాడు 36 సరిగా వ్రాసెను. అందు 3 మాత్రమే తొలగినవి. తొలగింపునకు ముందు మొదటివాడే మిన్న: 66.67 శాతమునకు 60 శాతము. తొలగించిన పిమ్మట 45లో మొదటివానికి 27, రెండవవానికి 33. శాతములు 60, 73.33. అందఱికిని 15 మార్కులు పంచినచో 60లో 42, 48. శాతములు 70, 80. రెండు మార్గములలోను రెండవవాడే ముందున్నను, వారి నడుమ దూరము మొదటి మార్గమున 13.33, రెండవ మార్గమున 10.

ఆ దూరమే ర్యాంకును తారుమారు చేయగలదు. మొదటివానికి పి.యు.సి.లో 92 శాతము, రెండవవానికి 80 శాతము వచ్చినవనుకొందము. హారము తగ్గించు మార్గమున మొదటివాని సగటు 76, రెండవవానిది 76.67, రెండవవాడు ముందు. మార్కులు పంచు మార్గమున మొదటివానిది 81, రెండవవానిది 80, మొదటివాడు ముందు. జవాబులు అవే, విద్యార్థులు వారే. ఒక కార్యాలయమున తీసికొన్న నిర్ణయమొకటి వారి వరుసను మార్చినది. పాఠ్యప్రణాళికలో లేని ప్రశ్నలపై తలబద్దలు కొట్టుకొని, ఎనుబది నిమిషములలో పది నిమిషములు పోగొట్టుకొన్నవానికి ఏ మార్గమును ఆ కాలమును తిరిగి యీయజాలదు. అందువలన ప్రశ్నపత్రమును ముద్రణకు పంపుటకు పూర్వమే పాఠ్యప్రణాళికతో సరిచూచుట ఏ సూత్రముకంటెను శ్రేష్ఠమైన న్యాయము.

శాతమును పోలిన మఱియొక సంఖ్య గలదు, దానిని పర్సంటైలందురు. జె.ఇ.ఇ. మెయిన్ ఫలితములలో దశాంశబిందువు తరువాత ఏడు స్థానములవరకు కనబడునది ఇదియే. వేయిమంది వ్రాసిన పరీక్షలో 950 మంది మార్కులు నీ మార్కులతో సమానమో, అంతకు తక్కువో అయినచో నీ పర్సంటైలు 95. అప్పుడు నీకు వచ్చినవి నూటికి 55 మార్కులే యైనను కావచ్చును. శాతము ప్రశ్నలతో కొలుచును. పర్సంటైలు తోడి విద్యార్థులతో కొలుచును. "మావాడికి తొంబదియైదు వచ్చె" నని ఒకరన్నప్పుడు, అది వీనిలో ఏదియో అడుగక పోల్చుట వ్యర్థము.

బెంగళూరులోని తెలుగు విద్యార్థులలో కొందఱు సి.ఇ.టి.తోపాటు స్వరాష్ట్రపు ఇ.ఎ.పి.సెట్‌ను గూడ వ్రాయుచుందురు. అందు 160 ప్రశ్నలు; తప్పునకు కోత లేదు; అర్హతకు 25 శాతము, అనగా 40 మార్కులు కావలెను. ఇంటర్మీడియట్ మార్కులకు పూర్వము 25 శాతము విలువ యుండగా, తెలంగాణ 2023లో దానిని తొలగించెను. సరిహద్దు దాటిన తోడనే హారము మారును, విలువల పంపకము మారును. బెంగళూరులో పి.యు.సి. మార్కులు సగము బరువు మోయుచుండగా, హైదరాబాదులో బోర్డు మార్కులకు ర్యాంకులో చోటే లేదు. రెండు చోట్ల ప్రయత్నించు విద్యార్థి ఈ భేదము నెఱిగి, ఏ పరీక్షకు ఎంత కాలము కేటాయింపవలెనో ముందుగానే నిర్ణయించుకొనుట మంచిది.

ఇన్ని లెక్కలు చెప్పిన తరువాత పాఠకులకు మనవి చేయదగినది ఒక్కటే. ఇంటికి వచ్చిన మార్కుల పత్రముపై శాతము నొక్కదానినే చూచి ప్రక్కన పెట్టకుడు. దాని చెంత సరియైనవి ఎన్ని, తప్పులు ఎన్ని, వదలినవి ఎన్ని యని మూడు అంకెలు వ్రాసి యుంచుడు. 60 ప్రశ్నలలో 36 సరిగా వ్రాసి 24 తప్పు వ్రాసినవానికిని, 36 సరిగా వ్రాసి 24 ఖాళీగా వదలినవానికిని కోత లేని పరీక్షలో శాతము 60 మాత్రమే. కాని మొదటివానికి కావలసినది పాఠము మరల బోధించుట. రెండవవానికి కావలసినది వేగమును, ధైర్యమును. శాతము వారి నిద్దఱిని ఒక్కటిగా చూపును. ఆ మూడు అంకెలు వేఱుచేసి చూపును. పిల్లవానికి సాయపడదలచిన తల్లిదండ్రులకు పనికివచ్చునవి ఆ మూడు అంకెలే.